ముఖమంతా రంగు

ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్లినా అదే సీతాకోకచిలుక. పిల్లలంతా వరసలో నిలబడతారు. ఎవరో అమ్మాయి ఒక్కొక్క బుగ్గ మీదా రూపాయి బిళ్లంత బొమ్మ గీసి "నెక్స్ట్" అంటుంది. ఆడపిల్లకి నీలం రెక్కలు, మగపిల్లాడికి సాలెగూడు, పైన చిటికెడు మెరుపు పొడి. జనవరి 26న బడిలో మూడు రంగుల గీతలు, ఐపీఎల్ రోజుల్లో నారింజ పట్టీ. నాకు ఒళ్లు మండుతుంది. అది ముఖానికి రంగు వేయడం కాదు, చెంప మీద స్టాంపు గుద్దడం. వేస్తే ముఖమంతా వేయాలి. అద్దంలో చూసుకున్న పిల్ల ఒక్క క్షణం తనని తాను గుర్తుపట్టకూడదు.

ఆ పని ఇంట్లోనే చేయొచ్చు, అమ్మో నాన్నో ఎదురుగా కూర్చుని చేయాలి కూడా. సామాను తక్కువే: నీళ్లతో తడిపి వాడే ఫేస్ పెయింట్ బిళ్లలు నాలుగైదు రంగులవి, కొత్త స్పాంజి ముక్క, ఒక లావు బ్రష్షు, ఒక సన్న బ్రష్షు, రెండు గ్లాసుల నీళ్లు. బిళ్లలు దొరక్కపోతే చెంచాడు కార్న్‌ఫ్లోర్‌లో అరచెంచా కోల్డ్ క్రీము, అరచెంచా నీళ్లు కలిపి, వంటల్లో వాడే రంగు ఒక చుక్క వేయండి. ఆ రంగు ఒకోసారి చర్మానికి పట్టుకుంటుంది, కాబట్టి మర్నాడు బడి ఉంటే లేతగా కలపండి. ఏ రంగైనా ముందురోజే మోచేతి మడతలో కాస్త రాసి చూడండి. దురదా ఎర్రదనమూ రాకపోతేనే ముఖానికి.

బొమ్మలు వేసుకునే ఆక్రిలిక్, పోస్టర్ రంగుల్ని మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. సీసా మీద 'నాన్-టాక్సిక్' అని ఉంది కదా అంటారు. ఆ హామీ చర్మానికి పూసుకోమని ఇచ్చింది కాదు. క్రాఫ్ట్ పనుల మెరుపు పొడి ఇంకా అన్యాయం. సన్నగా కోసిన ప్లాస్టిక్ రేకు అది, కంట్లో పడితే కనుగుడ్డుని గీరుతుంది. పసుపూ సున్నమూ కలిపిన పారాణి పాదాలకే ఉండనివ్వండి. సున్నం ముఖాన్ని కాలుస్తుంది. మన చిందు భాగవతులు ముఖానికి పూసుకున్న అర్దళం ఆర్సెనిక్ ఉన్న ఖనిజం. దసరా పులివేషగాళ్లు ఒంటికి వార్నిష్ రంగు పూయించుకుని, పండగయ్యాక కిరసనాయిలుతో కడుక్కునేవాళ్లు. వేషం కోసం ఆ మనుషులు ఒళ్లు హూనం చేసుకున్నారు. ఇవాళ ఏ పిల్లకీ ఆ బాధ అక్కర్లేదు.

ఇక పులి. పులి వేయడం వస్తే అన్నీ వచ్చినట్టే. స్పాంజిని తడిపి గట్టిగా పిండండి. నీళ్లు ఎక్కువైతే రంగు కారిపోతుంది. లేత రంగు ముందు, ముదురు రంగు చివర. కళ్ల పైన, మూతి చుట్టూ, గడ్డం మీద తెలుపు అద్దండి. ముఖం మధ్యలో పసుపు, అంచులకు పోయేకొద్దీ నారింజ. పూర్తిగా ఆరనివ్వండి. అప్పుడు నలుపు తీయండి. చారలు ముఖం అంచున మొదలై లోపలికి రావాలి, నుదుటివి కనుబొమల నడిమికి, చెంపలవి ముక్కు వైపుకి. బ్రష్షు మొన ఆనించి, కొంచెం నొక్కి, మళ్లీ తేలుస్తూ లాగితే చార రెండు కొసలా సన్నగా, నడుమ లావుగా వస్తుంది. స్కేలు పెట్టినట్టు అడ్డగీతలు గీస్తే అది జీబ్రా. కుడీ ఎడమా అచ్చంగా ఒకేలా రావాలని తంటాలు పడొద్దు. ఏ పులి చారలూ ఇంకో పులికి ఉండవు, ఒకే పులికి రెండు డొక్కల మీదా ఒకేలా ఉండవు. నల్లమలలో అటవీశాఖ వాళ్లు చెట్లకు కెమెరాలు కట్టి పులుల్ని లెక్కపెట్టేది ఆ చారల్ని చూసే. చివరగా ముక్కు కొన నల్లగా, అక్కణ్నుంచి పైపెదవి దాకా ఒక గీత, మీసాల చోట చుక్కలు. కడగడానికి సబ్బూ నీళ్లూ చాలు. వదలనిచోట కొబ్బరినూనె రాసి దూదితో తుడవండి. చంటిపిల్లల జోలికి పోవద్దు, వాళ్లకి దిష్టిచుక్క చాలు.

ముఖమంతా రంగు అనే పట్టుదల నాకు తిరుపతి నుంచి వచ్చింది. మా అమ్మ పుట్టిల్లు అక్కడే. వేసవి సెలవుల్లో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చేది. పాళేగాడి ఆగడాలు అణచడానికి గంగమ్మ వాణ్ని వెతుకుతూ రోజుకో మారువేషం వేసిందని కథ. అందుకే జనమూ రోజుకో వేషం వేస్తారు. బైరాగి వేషానికి ఒళ్లంతా నామంకొమ్ము తెలుపు. బండ వేషానికి కుంకుమ. తోటి వేషానికి బొగ్గు. దొర వేషానికి గంధం. తర్వాత మాతంగి, సున్నపు కుండలు. మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని గుడికి పోతారు. 'పుష్ప 2'లో నీలం ముఖంతో చీర కట్టుకున్న హీరోని చూసి చాలామంది ఆశ్చర్యపోయారు గానీ, తిరుపతి పిల్లలకి వేషం ఏటా ఇంటి గడపలో కనిపించేదే.

బైరాగి వేషం రోజున మా అవ్వ నామంకొమ్ము అరగదీసి, పిల్లలందర్నీ పెరట్లో నిలబెట్టి పూసేది. చెవుల వెనకా, మెడ కిందా, ఎక్కడా చర్మం కనపడకూడదు. చల్లగా ఉండేది. మే నెల ఎండ ఒంటికి తెలిసేది కాదు. ఆరేకొద్దీ ముఖం బిగుసుకునేది, నవ్వితే పగులుతుందని మూతి బిగించుకుని నడిచేవాళ్లం. మొన్న ఒక పెళ్లిలో పెద్దమనిషి ఒకాయన ఈ జాతరని మోటు ఆచారం అన్నాడు. ఆ మాట నాకింకా మింగుడుపడలేదు. ఇంటిల్లిపాదీ వాకిట్లో కూర్చుని ఒకరికొకరు రంగు పూసుకునే పండగ, డబ్బున్నవాడికీ లేనివాడికీ అదే బొగ్గూ అదే సుద్దా సరిపోయే పండగ ఆయనకి ఎక్కడ మోటుగా కనిపించిందో చెప్పమనండి. మా చిన్నమామ మాట పెగలని మనిషి. పదిమందిలో తల ఎత్తేవాడు కాదు. తోటి వేషం కట్టిన రోజున వేపమండలు పట్టుకుని, నడివీధిలో ఎంతటివాణ్నయినా అడ్డగించి తిట్టేవాడు. తిట్లు తిన్నవాళ్లు దండం పెట్టి పోయేవాళ్లు. వేషం మీదున్నంతసేపూ అవ్వ ఆయన్ని పేరు పెట్టి పిలిచేది కాదు. సొంత కొడుక్కి చేతులు జోడించి, "ఎండన పడి వచ్చినావు, మజ్జిగ తాగు గంగమ్మ తల్లీ" అనేది.