బల్ల తుడిస్తే చాలదు

బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో మొదట జరిగే పని ఏమిటో మీకు వేరే చెప్పనక్కర్లేదు. అటక మీది అట్టపెట్టెలు కిందికి దిగుతాయి. ఏది వెంట తీసుకెళ్ళాలి, ఏది పక్కింటివాళ్ళకి ఇవ్వాలి, ఏది పాత సామాన్లవాడికి వేయాలి అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడతారు. మా ఇంట్లో ముగ్గురం. ఒకరం తెలుగు చెప్తాం, ఒకరం లెక్కలు చెప్తాం, మూడోది నాలుగో తరగతి చదివే మా పాప. పదకొండేళ్ళలో ఐదు ఊళ్ళు మారాం. ఏది ఉంచుకోవాలో, ఏది వదిలించుకోవాలో మాకు బాగా తెలుసుననే అనుకునేవాళ్ళం. ఒక్క ఫోటో ఆ గర్వం అణిచింది.

రెండేళ్ళ కిందటి మాట. మా ఆరో తరగతి అబ్బాయి ఒకడి నాన్నగారికి సంవత్సరం మధ్యలో బదిలీ అయింది. చివరి రోజున పిల్లలంతా కలిసి నల్లబల్ల మీద రంగు సుద్దలతో వాడి పేరు రాసి, చుట్టూ పూలు గీశారు. వాడు ఆ బల్ల ముందు నిలబడి, నవ్వబోయి ఏడ్చేశాడు. సరిగ్గా అప్పుడే ఫోటో తీశాం. అది మాకు ఎంతో నచ్చింది. ఆ సాయంత్రమే మా మాస్టోడాన్ ఖాతాలో పెట్టేశాం. కింద వాడి పేరు, వాడు వెళ్తున్న ఊరి పేరు కూడా రాశాం. వాడిని అడగలేదు. వాళ్ళ అమ్మగారినీ అడగలేదు.

మాస్టోడాన్ సంగతి మీలో కొందరికి తెలియకపోవచ్చు. జర్మనీకి చెందిన ఆయిగెన్ రోచ్కో అనే యువకుడు దాన్ని 2016లో మొదలుపెట్టాడు. అది ఒక కంపెనీ నడిపే ఒకే పెద్ద సైటు కాదు. ఎవరైనా తమ సొంత సర్వర్ పెట్టుకోవచ్చు. మన బడులు ఒక్కో ఊళ్ళో ఒక్కొక్కటి ఉన్నా, ఒక బడి ఇచ్చిన టీసీ ఇంకో బడిలో చెల్లుతుంది కదా, ఇదీ దాదాపు అలాంటిదే. ఏ సర్వర్‌కి ఆ సర్వర్ వేరు. అన్నింటికీ ఉమ్మడి నియమాలు మాత్రం ఉంటాయి. వాటి పేరు యాక్టివిటీపబ్. 2018 జనవరిలో డబ్ల్యూత్రీసీ అనే సంస్థ వాటిని ప్రమాణంగా ప్రకటించింది. 2019 నవంబరులో మన దేశం నుంచి చాలామంది ఒక్కసారిగా అక్కడికి వచ్చారు. మేమూ అప్పుడే చేరాం.

ఫోటో పెట్టిన మూడు వారాలకి ఆ అబ్బాయి వాళ్ళ అమ్మగారు ఫోన్ చేశారు. "మేడమ్, ఏమీ అనుకోకండి. ఆ ఫోటో తీసేస్తారా? ఇక్కడ క్లాసులో ఎవరి అన్నయ్యకో అది కనబడిందట. వీడిని అందరూ ఏడుపుగొట్టు అంటున్నారు. బడికి వెళ్ళనని కూర్చున్నాడు."

మాకు నోట మాట రాలేదు. కొత్త బడిలో మొదటి నెల ఎలా ఉంటుందో మనలాంటి వాళ్ళకి ఒకరు చెప్పాలా? ఎక్కడ కూర్చోవాలో తెలియదు, ఎవరితో అన్నం తినాలో తెలియదు. అలాంటి సమయంలో వాడికంటే ముందే వాడి ఏడుపు ఆ తరగతికి చేరింది. దాన్ని చేరవేసింది మేమే.

వెంటనే తొలగించాం. మా పేజీలో చూస్తే లేదు. హమ్మయ్య అనుకున్నాం. ఎనిమిది రోజుల తర్వాత మళ్ళీ ఫోన్. "మేడమ్, ఇంకా కనబడుతూనే ఉందట."

మా సర్వర్ నడిపేది మా పూర్వ విద్యార్థే. ఇప్పుడు ఇంజనీరు. పెద్ద సర్వర్లు కొన్ని చందాలతో నడుస్తాయి గానీ, ఇతను జీతంలోంచే కొంత తీసి ఒక చిన్న సర్వర్ నడుపుతున్నాడు. అతన్ని అడిగాం. "మేడమ్, మీరు తుడిచింది నల్లబల్ల మాత్రమే. పిల్లలు అప్పటికే నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు" అన్నాడు. తర్వాత ఓపికగా వివరించాడు.

మనం ఒక ఫోటో పెట్టగానే మన సర్వర్ దాన్ని పూర్తి సైజులో ఒకటి, చిన్న సైజులో ఒకటి దాచుకుంటుంది. మనల్ని అనుసరించేవాళ్ళు వేరే సర్వర్లలో ఉంటే, ఆ సర్వర్లు కూడా తమ దగ్గర నకళ్ళు తీసి పెట్టుకుంటాయి. ఎవరైనా దాన్ని ముందుకు పంచితే ఇంకొన్ని సర్వర్లకి వెళ్తుంది. మనం తొలగించు అని నొక్కినప్పుడు మన సర్వర్ తన దగ్గరున్నది తీసేసి, తనకి తెలిసిన మిగతా సర్వర్లకి "దీన్ని తీసేయండి" అని కబురు పంపుతుంది. చాలావరకు అవి ఆ మాట వింటాయి. కానీ అది ఆజ్ఞ కాదు, విన్నపం. కబురు వెళ్ళిన సమయానికి అవతలి సర్వర్ ఆగిపోయి ఉండవచ్చు. అప్పుడు మన సర్వర్ కొన్నిసార్లు ప్రయత్నించి ఊరుకుంటుంది. ఫోటో ఏదో పక్కదారిలో చేరిన సర్వర్‌కి అసలు కబురే అందకపోవచ్చు. ఇక ఎవరైనా ఫోన్‌లో దాచుకుంటే దానికి ఏ కబురూ లేదు.

"మరి అన్ని నకళ్ళు ఎందుకు దాచడం?" అని అడిగాం. దాచకపోతే చూసిన ప్రతివాడి కోసం అసలు సర్వర్ దగ్గరికే పరుగెత్తాలి, చిన్న సర్వర్ ఆ బరువు మోయలేదు అన్నాడు. దాచినా చిక్కే. తన డిస్క్‌లో తన సభ్యుల ఫోటోల కన్నా బయటి నుంచి వచ్చిన నకళ్ళే ఎక్కువ చోటు తింటున్నాయట. అందుకని వారం దాటిన నకళ్ళు వాటంతట అవే పోయేలా ఏర్పాటు పెట్టుకున్నాడు. తర్వాత ఎవరైనా ఆ పాత పోస్టు తెరిస్తే సర్వర్ మళ్ళీ అసలు చోటికి వెళ్ళి తెచ్చుకుంటుంది. అసలు చోట లేకపోతే ఖాళీ చేతులతో తిరిగొస్తుంది. అందరూ ఇలాంటి ఏర్పాటు పెట్టుకోరు. ఆ అబ్బాయి ఫోటో ఉండిపోయింది అలాంటి చోటే.

ఇద్దరం కూర్చుని వెతికితే మూడు సర్వర్లలో దొరికింది. ముగ్గురు నిర్వాహకులకీ ఉత్తరాలు రాశాం. ఇది ఒక పిల్లవాడి ఫోటో అనీ, తప్పు మాదేననీ, దయచేసి తీసేయమనీ రాశాం. ఇద్దరు రెండు రోజుల్లో తీసేశారు. మూడో చోటి నుంచి జవాబు రాలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ వెళ్ళి చూస్తుంటాం. అది అక్కడే ఉంది.

విచిత్రం ఏమిటంటే, మేము ఉండాలనుకున్నవి మాత్రం ఉండలేదు. మేము మొదట చేరిన సర్వర్‌ని నడిపేవాళ్ళు ఖర్చు భరించలేక 2021లో మూసేశారు. గడువు ఇచ్చారు కాబట్టి ఖాతా మార్చుకున్నాం. అక్కడ ఖాతాకి బదిలీ ఉంది గానీ సామానుకి లారీ లేదు. మనల్ని అనుసరించేవాళ్ళు కొత్త చోటికి వస్తారు, పాత పోస్టులూ ఫోటోలూ రావు. పాత బడి తోటలో పిల్లలు నాటిన బంతి మొక్కలు, మా పాప మొదటిసారి "అ" రాసిన పలక, అన్నీ అక్కడే పోయాయి. సొంతంగా నకలు తీసి దాచుకోవాలన్న ఆలోచన మాకు రానేలేదు.

2023లో మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకి ఒక చట్టం వచ్చింది. అందులో 18 ఏళ్ళు నిండని వారంతా పిల్లలే. తమ సమాచారాన్ని తొలగించమని అడిగే హక్కునీ అందులో రాశారు. మంచిదే. కానీ చట్టం దాకా ఎందుకు? ఫోటో తీసే ముందు "పెట్టమంటావా?" అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు మా ఇంట్లో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఎవరి ఫోటో అయినా వాళ్ళని అడగందే పెట్టం. పిల్లలదైతే అమ్మానాన్నలనీ అడుగుతాం. పేరూ ఊరూ కలిపి రాయం. మాకు కావలసిన ఫోటోలు మా దగ్గరే రెండు చోట్ల దాచుకుంటాం. మొన్న మా పాప పుట్టినరోజు ఫోటో పెట్టబోతే అదే వచ్చి, "నన్ను అడిగారా?" అంది. పెట్టలేదు.

ఆ అబ్బాయికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాం. ఒకచోట ఇంకా మిగిలి ఉందని కూడా దాచకుండా చెప్పాం. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మేడమ్, ఆ రోజు మీరు కూడా ఏడ్చారు కదా. మీ ఫోటో మాత్రం ఎవరూ తీయలేదు" అన్నాడు.

దానికి మా దగ్గర జవాబు లేదు. వాడు బడికి మాత్రం వెళ్తున్నాడు. ఈ సంగతి రాయవచ్చా అని ఈసారి ముందే అడిగాం. "రాయండి. నా పేరు వద్దు" అన్నాడు.