ఆమ్‌స్టర్‌డామ్ వీధిలో హిమాలయాల చెట్టు

మే మొదటి వారం. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలువ పక్కన సైకిల్ ఆపి అమ్మకి వీడియో కాల్ చేశా. గాలికి ఎల్మ్ చెట్ల కాయలు కాగితం ముక్కల్లా రాలుతున్నాయి.

"మన నెమలినార కాయల్లా ఉన్నాయేంట్రా!" అంది. నిజమే, రెండు చెట్లదీ ఒకే కుటుంబం.

పోయినేడు గుప్పెడు ఏరి, 'రిలీజ్ అయ్యాక నాటుదాం' అని డ్రాయర్‌లో పడేశా. రెండు నెలలకి కుండీలో వేస్తే ఒక్కటీ మొలవలేదు. ఎల్మ్ గింజ ఎక్కువ రోజులు ఆగదు. రాలగానే తడిమట్టి మీద చల్లి, పైన పల్చగా మట్టి కప్పాలి.

ఎందుకు మొలవలేదో వెతుకుతుంటే అసలు కథ దొరికింది. బెరడు పురుగులు మోసుకొచ్చిన ఒక ఫంగస్ గత శతాబ్దంలో యూరప్‌లో కోట్ల ఎల్మ్‌లను చంపేసింది. దాన్ని తట్టుకునే రకం కోసం హాన్స్ హేబ్రుక్ అనే డచ్ శాస్త్రవేత్త 1960లో హిమాలయాలకు వెళ్లారు. అక్కడి ఎల్మ్‌ను వాడి కొత్త రకాలు తయారుచేశారు. 1989లో వచ్చిన 'కొలుమెల్లా' ఆ వంశానిదే. ఈ ఊరి వీధుల్లో సన్నగా, నిటారుగా కనిపిస్తుంది.

ఇలాంటి రకాలను గింజతో పెంచరు. తల్లి గుణాలన్నీ పిల్లకి వస్తాయన్న గ్యారంటీ లేదు. కొమ్మలు నాటో, అంటుకట్టో పెంచుతారు. అంటే అన్నీ ఒకే చెట్టుకి కాపీలు. ఫంగస్ ఇంతకుముందే ఒకసారి ఇంకా ప్రమాదకరంగా మారింది. మళ్లీ మారితే కొత్త రకం కోసం అడవి చెట్టు దగ్గరికే వెళ్లాలి.

ఆఫ్ఘనిస్తాన్ నుంచి పశ్చిమ నేపాల్ దాకా పెరిగే ఆ చెట్టుకే ఇప్పుడు ముప్పు. పశువుల మేత కోసం కొమ్మలు నరుకుతారు. ఏటా కొమ్మలు పోతే గింజ ఎక్కడిది? కొండ రైతుని తప్పుపట్టలేం, గొడ్లు తినాలిగా. గట్ల మీద మేత కోసమే ఈ చెట్టు పెంచితే అడవిలోవి కాస్త ఊపిరి పీల్చుకుంటాయి.

ఇదంతా చెబితే అమ్మ నవ్వింది. "చెట్టు కూడా నీలాగే అక్కడికొచ్చి బాగుపడిందన్నమాట. మరి ఇక్కడున్నదాన్ని ఎవరు చూస్తారు?"

చెట్టు సంగతే అడిగిందో, నాన్న మోకాళ్ల సంగతో. నేనేం మాట్లాడలేదు.

ఈసారి గింజల్ని డ్రాయర్‌లో పెట్టలేదు, ఆ సాయంత్రమే చల్లా. పదో రోజుకి మూడు మొలిచాయి. సంక్రాంతి నుంచి డ్రాఫ్ట్స్‌లోనే ఉన్న సెలవు మెయిల్ కూడా ఆ రాత్రే పంపేశా.