హద్దెరిగిన విద్యుత్తు

హాలియా ప్రాంతపు పొలములకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ప్రాణాధారము. 1967వ సంవత్సరమున ఆ కాలువకు నీరు వదలిరి. ఎగువ తూము హద్దు లేక నీరు త్రాగినచో దిగువ చేను ఎండిపోవును. కనుకనే తూమునకు కొలత యుండవలెను.

విద్యుత్తునకును ఇట్టి కట్టడి అవసరము. ఇంటిలో స్వయముగా యాంప్లిఫయరును కూర్చుకొనువారు పెద్ద ధ్వని కొరకు రెండు మూడు ట్రాన్సిస్టరులను సమాంతరముగా కలుపుదురు. ఒకే రకమునకు చెందినవైనను, వానిలో ఒకటి తక్కినవానికన్న కొంచెము ఎక్కువ కరెంటును గ్రహించి వేడెక్కును. వేడెక్కిన కొలది, దానిని నడుపుటకు కావలసిన వోల్టేజి ఒక్కొక్క సెంటీగ్రేడు డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గును. అందుచే అది మరింత కరెంటును లాగి, మరింత వేడెక్కి, తుదకు మాడిపోవును. తా చెడ్డ కోతి వనమెల్ల చెరచినట్లు, తోడి ట్రాన్సిస్టరులును, స్పీకరును కూడ దానితో చెడవచ్చును.

ఈ యాపదను వారించునది ఎమిటరునకు చేర్చెడి చిన్న నిరోధకము. కరెంటు పెరిగినచో నిరోధకము తీసికొను వోల్టేజి పెరుగును. ట్రాన్సిస్టరునకు దక్కునది తగ్గును. దానితో దాని దూకుడు అణగును.

అయితే ఎంత నిరోధమును ఎన్నుకొనవలెను? మిక్కిలి తక్కువైనచో అదుపు చాలదు. ఎక్కువైనచో శక్తి వేడిగా వ్యర్థమగును. సామాన్యముగా 0.1 నుండి 0.47 ఓముల వరకు వాడుదురు. 0.22 ఓముల నిరోధకములో 3 ఆంపియరులు ప్రవహించినచో సుమారు 2 వాట్ల వేడి పుట్టును. కనుక 5 వాట్లకు తగినదానిని అమర్చుట క్షేమము.

నిరోధకము పాటకు బలము నీయదు. కాని బలము గలవానికి హద్దు నేర్పును. భారమును పంచుకొని మోయువారికి ఆ హద్దే రక్ష.