సూరత్ ఓటరు వేయని ఓటు

సూరత్‌లోని లింబాయత్‌లో మరమగ్గాల నడుమ స్థిరపడిన తెలుగు నేతకార్మికుడు నగరపాలక ఎన్నికల్లో నాలుగు ఓట్లు వేస్తాడు, వార్డుకు నలుగురు కార్పొరేటర్లు గనుక. మేయర్‌కు మాత్రం ఒక్కటీ వేయడు. ఆ ఎంపిక రెండున్నరేళ్లకొకసారి కార్పొరేటర్లది. నిజానికి పార్టీ అధిష్ఠానానిది.

2021 ఫిబ్రవరిలో 120 స్థానాలకు భారతీయ జనతా పార్టీ 93 గెలిచింది. టికెట్ల పంపిణీపై పాటీదార్ నేతల ఆగ్రహానికి గురైన కాంగ్రెస్, 2015 నాటి 36 స్థానాల నుంచి సున్నాకు పడిపోయింది. ఆ అసంతృప్తి ఆమ్ ఆద్మీ పార్టీకి 27 స్థానాలిచ్చింది. ప్రశ్నించమని ఓటరు పంపిన ఆ 27 మందిలో పలువురు గడువు తీరకముందే అధికార పక్షంలో చేరారు. స్థానిక సంస్థల్లో ఫిరాయింపులను నిరోధించే చట్టం గుజరాత్‌లో 1986 నుంచీ ఉంది.