మోటారు ఆగాకే అసలు ఎగరడం

సికింద్రాబాద్ వైపు ఒక పాత కాలనీలో, రెండంతస్తుల మేడ మీద రేకుల గది. గుమ్మం దాటగానే జిగురు వాసన. గోడ పొడవునా మేకులకు రెక్కలు వేలాడుతున్నాయి. తెల్లవి, పసుపువి, టేపుతో అతుకులు పడ్డవి. బల్ల మీద గరుకు కాగితం, కార్బన్ గొట్టాలు, గ్రాముల్లో తూచే కాటా. గది యజమాని ఒకప్పుడు ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పిల్లలకు ఏరోమోడలింగ్ నేర్పినవారు. ఇక్కడికి వచ్చే కుర్రాళ్లందరికీ ఆయన మాస్టారు.

నా వెంట ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు ఉన్నాడు. నేర్చుకునేవాళ్ల రిమోట్ విమానం ఎగరేయడం వాడికి కాలేజీలోనే వచ్చేసింది. ఇప్పుడు గ్లైడర్ కావాలట. అదీ గాలిలో మెల్లగా తేలుతూ కూర్చునేది కాదు, పల్టీలు కొట్టేది, కిందికి దూకి మళ్లీ పైకి దూసుకెళ్లేది. చేతిలో ఉన్నది 15,000 రూపాయలు.

వాడు రాసుకొచ్చిన జాబితాలో అన్నిటికంటే పైన పెద్ద మోటారు, దాని కింద పెద్ద బ్యాటరీ. సగానికి పైగా డబ్బు అక్కడే అయిపోయింది. మాస్టారు చదివి కాగితం బల్ల మీద పెట్టారు.

"మోటారుతో మొదలుపెట్టావేంటి బాబూ? గ్లైడర్‌కి మోటారంటే నిచ్చెన. పైకి ఎక్కేదాకే దాంతో పని. ఆ తర్వాత నిన్ను మోసేది రెక్క. ముందు రెక్క చూడు."

గోడ మీంచి రెండు గ్లైడర్లు దించారు. మొదటిదాని రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు రెండు మీటర్లు, కొసలు పైకి వంగి ఉన్నాయి. గ్లైడర్‌ను పక్కకు వాల్చేందుకు రెక్క వెనక అంచున కదిలే పలకలు, అంటే ఐలరాన్లు లేవు. తోక మీది రడ్డరుతోనే తిరుగుతుంది. రెండోది 1.6 మీటర్లు. సన్నని రెక్క, రెండు వైపులా ఐలరాన్లు. కాటా మీద రెండూ 900 గ్రాముల దగ్గరే తూగాయి. తేడా విస్తీర్ణంలో ఉంది. పెద్దదాని రెక్క దాదాపు 40 చదరపు డెసిమీటర్లు, చిన్నదాని రెక్క 26. అంటే ఒక్కో చదరపు డెసిమీటరు మీద మొదటిదానికి 22 గ్రాముల పైచిలుకు, రెండోదానికి 35 గ్రాముల దాకా బరువు పడుతుంది.

ఈ బరువు పెరిగితే, పడిపోకుండా నిలవడానికి కావలసిన కనీస వేగమూ దాని వర్గమూలం చొప్పున పెరుగుతుంది. ఈ లెక్కన చిన్న గ్లైడర్ సుమారు పావు వంతు ఎక్కువ వేగంతో ఎగరాలి. గాలివాటానికి చెదరదు, ఎదురుగాలిని కోసుకుపోతుంది. బదులుగా, దిగేటప్పుడు కూడా వేగంగానే వస్తుంది. వాడు కోరిన చురుకుదనం ఎక్కడ పుడుతుందో, దానికి ఏం మూల్యం చెల్లించాలో ఈ ఒక్క లెక్కలో తేలిపోయింది.

మాస్టారు చిన్న గ్లైడర్ రెక్క కొసలు రెండూ పట్టుకుని మెలి తిప్పారు. అది దాదాపు కదల్లేదు. 60 డిగ్రీలు వాల్చి, ఎత్తు తగ్గకుండా మలుపు తిప్పితే రెక్క మీద భారం రెట్టింపు అవుతుంది. అందుకే రెక్క లోపల వెన్నుబద్దలా కార్బన్ స్పార్ ఉండాలి. ఐలరాన్‌ను వేలితో కదిపి చూపించారు. దాన్ని కదిపే బుల్లి యంత్రమైన సర్వో నుంచి వచ్చే తీగలో కాస్త వదులున్నా, వేగంగా కిందికి దూకినప్పుడు ఐలరాన్ దడదడలాడి రెక్కనే విరిచేయగలదు. గడ్డిలో దిగినప్పుడు దెబ్బ తగిలేదీ ఆ సర్వో పళ్లకే. కాబట్టి అక్కడ ప్లాస్టిక్ పళ్లవి వద్దు, లోహపు పళ్లవే కొనమన్నారు.

మోటారు వంతు చివర్లో వచ్చింది. ఆగగానే ముడుచుకునే ప్రొపెల్లర్ కావాలి, లేకపోతే గాలికి అది తిరుగుతూ గ్లైడర్‌ను వెనక్కి పట్టేస్తుంది. అది ముడుచుకోవాలంటే మోటారు ఠక్కున ఆగాలి, అంటే మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీలో బ్రేక్ పెట్టుకునే వీలుండాలి. చవకవాటిలో కొన్నిటికి ఆ సదుపాయం ఉండదు, కొనేముందే అడగాలి. బ్యాటరీ విషయంలోనూ మావాడి అంచనా ఎక్కువే. మూడు సెల్లుల 1300 ఎంఏహెచ్ లైపో, 20 ఆంపియర్ల చొప్పున లాగితే నాలుగు నిమిషాలకు కాస్త తక్కువ వస్తుంది. అయిదో వంతు మిగుల్చుకున్నా 20 సెకన్ల చొప్పున తొమ్మిది సార్లు పైకెక్కవచ్చు. ఒక సాయంత్రానికి అది చాలు.

మూడు దాటాక ఊరి బయటికి బయలుదేరాం. నగరానికి ఉత్తరాన హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాలున్నాయి, సికింద్రాబాద్ పక్కనే బేగంపేట విమానాశ్రయం. అందుకే మాస్టారు ముందు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాపులో గ్రీన్ జోన్ చూసుకుని కానీ కదలరు. అక్కడ 400 అడుగుల ఎత్తు దాటకూడదు, గ్లైడర్ కంటికి కనిపిస్తూనే ఉండాలి. దారిలో టీకి ఆగినా కారు ఎండలో వదలనివ్వలేదు. మన ఎండకు మూసిన కారులో ఫోమ్ రెక్క బొబ్బలెక్కిపోతుంది.

కోత అయిన చేను పక్కన ఖాళీ నేల. మాస్టారు చిన్న గ్లైడర్‌ను చేత్తో విసరగానే అది మోటారు రొదతో పైకెక్కింది. కాసేపటికి మోటారు ఆగింది, ప్రొపెల్లర్ ముక్కుకు అంటుకుపోయింది. పెద్ద నిశ్శబ్దం. దూరంగా గద్దలు రెక్క ఆడించకుండా చుట్లు కొడుతున్న చోటికి మాస్టారు దాన్ని మళ్లించారు. వేడిగాలి అందుకుని ఎత్తు పెరిగింది. ఆ ఎత్తునంతా ఒక్క దూకుడులో వేగంగా మార్చి, అడుగున పల్టీ కొట్టించి, మళ్లీ నిటారుగా లేపారు. ఇదంతా మోటారు ఆగి ఉండగానే.

తర్వాత ట్రాన్స్‌మిటర్ మావాడి చేతికిచ్చారు. మలుపులో వాడు ముక్కు ఎత్తబోతే, "ఎత్తకు, వేగం పోతుంది, రెక్క జారుతుంది" అన్నారు. దింపేటప్పుడు రెండు ఐలరాన్లూ ఒకేసారి కొద్దిగా పైకి లేపించారు. గ్లైడర్ కుదురుగా కిందికి దిగింది. అలా లేపాలంటే రెండింటికీ వేర్వేరు చానెళ్లు ఉండాలి. రేడియో ఎందుకు మంచిది కొనాలో మావాడికి అప్పుడు అర్థమైంది.

చేను గట్టు మీద కూర్చుని జాబితా తిరగరాశాం. ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 లాంటి ఆరు చానెళ్ల రేడియోకు సుమారు 5,000. ఎవరైనా వాడి అమ్ముతున్న, స్పార్ విరగని 1.6 మీటర్ల గ్లైడర్ బాడీకి 4,000. నాలుగు సర్వోలకు 1,200. మోటారు, ఈఎస్‌సీ, ముడుచుకునే ప్రొపెల్లర్ కలిపి 2,300. బ్యాటరీ, చార్జరు 2,500. సరిగ్గా సరిపోయింది.

డబ్బు తక్కువగా ఉన్నవాళ్లకు నాదీ ఇదే మాట. గ్లైడర్ ఒకనాడు విరుగుతుంది, రేడియో మిగులుతుంది. మోటారు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, మెత్తని రెక్కను గట్టిపరచలేం. మావాడు ఈ నెల రేడియో ఒక్కటే కొంటున్నాడు. దాన్ని కంప్యూటరుకు కలిపి, ఉచితంగా దొరికే పికాసిమ్ సిమ్యులేటర్‌లో చేయి తిప్పుకుంటాడు. మిగిలిన 10,000తో బాడీ కోసం తొందరపడకుండా వెతుకుతాడు.