తప్పులేమీ లేకుండా ముగిసింది

ఫ్రీసర్ఫర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. మెదడు ఎమ్మారై స్కాన్ ఇస్తే దాన్ని భాగాలుగా విడగొట్టి, ఇది హిప్పోకాంపస్, ఇది అమిగ్డలా, ఇది వైట్ మేటర్ అంటూ ఒక్కోదాని ఘనపరిమాణం లెక్కగట్టి ఇస్తుంది. హార్వర్డ్‌కి అనుబంధంగా ఉన్న మార్టినోస్ సెంటర్ వాళ్లు ఉచితంగానే ఇస్తున్నారు. మామూలు లాప్‌టాప్ మీద ఒక్క తల పూర్తవడానికి గంటలు గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి లాగ్ ఫైలు చివర ఒక మాట కనిపిస్తుంది: ఫినిష్డ్ వితౌట్ ఎర్రర్. తప్పులేమీ లేకుండా ముగిసింది! ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోలేదని మాత్రమే దానర్థం. పుర్రెతో పాటు మెదడు కొసని చెక్కేసినా, కంటి వెనక కొవ్వుని మెదడులో కలిపేసినా అదే మాట వస్తుంది.

కోడు రాసేవాళ్లం మేం ఎక్కువ భయపడేది ఇలాంటి వాటికే. కూలిపోయే ప్రోగ్రామ్ నయం, కనీసం కూలిందని తెలుస్తుంది.

ఈ గొడవలోకి నేను దిగింది మా పెద్దమ్మ వల్ల. ఆవిడ దుమ్ముగూడెం వైపు ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేసి రిటైరయింది. పెదనాన్న పోయాక భద్రాచలంలో ఒక్కతే ఉంటోంది. రెండేళ్లుగా పేర్లు తడుముకుంటోంది. ఒకరోజు పాలు పొయ్యి మీద పెట్టి గోదారి ఒడ్డుకి వెళ్లిపోయింది. ఖమ్మం తీసుకెళ్లి స్కాన్ తీయిస్తే, రిపోర్టుతో పాటు ఒక రంగుల కాగితం చేతిలో పెట్టారు. అందులో ఎడమ హిప్పోకాంపస్ పక్కన ఎర్ర గీత. ఆ వయసువాళ్లలో అట్టడుగు వరసలో ఉందని. అన్నయ్య ఫోన్ చేసి, "మెదడు కుంచించుకుపోయిందంటరా. ఇల్లు అమ్మేసి ఇక్కడికి తెచ్చేసుకుందాం" అన్నాడు. వారం తిరక్కుండానే ఇంటికి బేరం కూడా వచ్చింది.

సీడీ తెప్పించుకుని చూశాను. ముక్కలు 5 మిల్లీమీటర్ల మందం. హిప్పోకాంపస్ మందమే సెంటీమీటరు దాకా ఉంటుంది, అంటే అది రెండు మూడు ముక్కల్లో కనిపించి మాయమవుతుంది. మధ్యలో లేనిదాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించుకుని పూరించుకుంటుంది. స్కాన్ సెంటర్ వాళ్లని తప్పు పట్టడానికి లేదు. చర్ల నుంచీ, వెంకటాపురం నుంచీ వచ్చి వరసలో కూర్చున్న జనానికి గడ్డో రక్తస్రావమో కనిపెట్టడానికి ఆ మందం చాలు, త్వరగానూ అయిపోతుంది. ఆ బొమ్మల నుంచి ఘనపరిమాణం లెక్కగట్టి, దశాంశ స్థానాలతో అచ్చువేసి ఇవ్వడమే మోసం. పుస్తకం అట్ట చూసి సమీక్ష రాసేసేవాళ్లు గుర్తొచ్చారు.

ఆ "వయసుకి తగ్గ కొలత" ఎవరిది అన్నది ఇంకో చిక్కు. 1988లో వచ్చిన తలైరాక్ అట్లాస్‌కి ఆధారం అరవై ఏళ్ల ఫ్రెంచి స్త్రీ మెదడు ఒక్కటే. తర్వాత మాంట్రియాల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 152 మంది స్కాన్‌లు కలిపి సగటు తల తయారుచేశారు. ప్రపంచంలో చాలా పరిశోధన దాని మీదే నడుస్తోంది. మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం 100 మంది భారతీయుల స్కాన్‌లతో మనకంటూ ఒక అట్లాస్ చేసింది. 2019లో ఆ వార్త వచ్చినప్పుడు, సగటు భారతీయ మెదడు పొడవులోనూ వెడల్పులోనూ ఘనపరిమాణంలోనూ పాశ్చాత్యుల మెదడు కన్నా చిన్నదని చదివి చాలామంది చిన్నబుచ్చుకున్నారు. దాన్ని బట్టి తెలివిని తేల్చలేం. కానీ తల సైజుతో సరిగ్గా సరిచూడకుండా ఆవిడ హిప్పోకాంపస్‌ని ఇంకెవరి తలతోనో పోలిస్తే, ఏ జబ్బూ లేకుండానే ఎర్ర గీత పడే వీలుంది.

డాక్టరుగారిని అడిగి హైదరాబాద్‌లో 1 మిల్లీమీటరు ముక్కలతో మళ్లీ తీయించాం. రాత్రి పెట్టాను. పొద్దున్నే ఆ మాట కనిపించింది, తప్పులేమీ లేకుండా ముగిసిందని. అయినా ఒక్కో ముక్కా తెరిచి చూశాను. ఎడమ చెవి వైపు మెదడు ముందు కొస లేదు. స్కాన్‌లో ఆ మూల వెలుగు తగ్గింది, దాంతో ఆ కొస పుర్రెతో పాటు తెగిపోయింది, హిప్పోకాంపస్ తల కూడా కొంచెం పోయింది.

పుర్రెని వేరుచేసే పద్ధతిని వాటర్‌షెడ్ అంటారు. బొమ్మని నేలలాగా అనుకుని, బాగా తెల్లగా ఉన్నచోటుని లోతైన గుంటగా తీసుకుని నీళ్లు నింపుతారు. పక్కపక్క గుంటల మధ్య గట్టు ఫలానా ఎత్తు లోపే ఉంటే రెండూ ఒకే చెరువు. ఆ ఎత్తు మామూలుగా 25 మీద పెట్టి ఉంటుంది. తగ్గిస్తే ఎక్కువ చెక్కుతుంది, పెంచితే తక్కువ. ఇది భద్రాచలం వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6, 2022 జూలైలో 71.3. ఎన్ని అడుగులకి ఏ వీధి మునుగుతుందో మా పెద్దమ్మ ఇప్పటికీ తడుముకోకుండా చెబుతుంది.

35 పెట్టి మళ్లీ నడిపాను. కొస తిరిగొచ్చింది, దానితో పాటు మెదడు పైపొర తునకలు కొన్ని వచ్చాయి. వాటిని ముక్క ముక్కకీ తిరిగి చేత్తో చెరిపాను. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. అంకె నచ్చేదాకా సెట్టింగులు తిప్పుతూ పోతే దేన్నైనా బాగుచేయొచ్చు. అందుకే అంకెలున్న కిటికీ మూసేసి బొమ్మ మాత్రమే చూశాను, బాగానే ఉన్న కుడివైపుని కూడా అదే పట్టుదలతో వెతికాను. చివర్న ఎడమవైపు కొలత పదో వంతు దాకా పెరిగింది. అయినా కొంచెం తక్కువే. పెద్దమ్మకి ఏమీ లేదని నేను అనలేదు, అనలేను కూడా.

డాక్టరుగారు ఆ కాగితాలు పక్కన పెట్టి ఆవిడతో ముప్పావు గంట మాట్లాడారు. గడియారం బొమ్మ గీయమన్నారు. మరుపు మొదలైందని చెప్పి మందు రాశారు. ఇంట్లో రాత్రి పూట తోడు ఉండాలి, ఊరు మార్చాల్సినంత తొందర మాత్రం లేదన్నారు. పక్కింటి అమ్మాయి వచ్చి పడుకుంటోంది. అన్నయ్య గ్యాస్ పొయ్యి తీసేసి, తనంతట తనే ఆరిపోయే కరెంటు స్టవ్ పెట్టించాడు. ఇంటి బేరం ప్రస్తుతానికి ఆగింది.

ఏడాదికి మళ్లీ తీయించాలి. మిషన్ అదే ఉండాలి. ఫ్రీసర్ఫర్ వెర్షన్ మారినా, నడిపే కంప్యూటర్ మారినా కొలతలు కదులుతాయని 2012లోనే ఒక పరిశోధన పత్రం వచ్చింది. కాబట్టి అప్పుడు రెండు స్కాన్‌లనీ పక్కపక్కన పెట్టి ఒకే వెర్షన్ మీద మొదటినుంచీ నడపాలి. వెర్షన్ నంబరు, ఆ 35, చెరిపిన ముక్కల నంబర్లు అన్నీ పెద్దమ్మ మందుల ఫైలు లోపలి అట్ట మీద రాసిపెట్టాను.