బండికి రెండో బ్యాటరీ

పౌర్ణమి దగ్గరపడిందంటే హిందూపురంలో ఎక్కడ విన్నా అరుణాచలం మాటే. టెంపో ట్రావెలర్ కట్టుకుని పోతారు. కాళ్లున్నవాళ్లు గిరి ప్రదక్షిణకు బయల్దేరితే, మోకాళ్లనొప్పుల పెద్దవాళ్లు బండిలోనే ఉండిపోతారు. ఇంజను ఆపేసి ఫ్యాన్లు, లైట్లు వేసుకుంటారు. ఉన్న సెల్‌ఫోన్లన్నీ చార్జింగుకు తగిలిస్తారు. తెల్లవారుజామున డ్రైవరు తాళం తిప్పితే సెల్ఫ్ టక్కుమని ఊరుకుంటుంది. పాత బండి అయితే నలుగురూ తోస్తే లేచేది. ఇప్పటి బండ్లలో బ్యాటరీ మొత్తం పడిపోతే కంప్యూటరే లేవదు, తోసి లాభం లేదు. అందుకే సొంత బండ్లవాళ్లు ఇంకో బ్యాటరీ వేయిద్దామా అని అడుగుతున్నారు.

వేయించండి. కాకపోతే ఏది వేస్తున్నారో చూసుకోండి. ఇంజను పక్కనుండే బ్యాటరీలో సీసం ప్లేట్లు పల్చగా ఉంటాయి. సెల్ఫ్ తిరగడానికి వందల యాంపియర్లు రెండు మూడు క్షణాలు ఇచ్చేసి, తర్వాత డైనమో చూసుకుంటుందిలే అని తీరుబడిగా ఉంటుంది. జాతరలో గుండెత్తే పహిల్వానన్నమాట. మూట భుజానేసుకుని రాత్రంతా కొండెక్కమంటే వాడి వల్ల కాదు. అడుగంటా ఖాళీ చేసిన ప్రతిసారీ దాని ఆయుష్షు తరుగుతుంది. మీక్కావలసింది మందపాటి ప్లేట్ల డీప్ సైకిల్ బ్యాటరీ, లేదంటే లిథియం.

ఇక్కడే బావమరిది ప్రవేశిస్తాడు. ‘ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది కదా బావా, అదే పెట్టేద్దాం!’ ట్యూబులర్ బ్యాటరీ ఇంట్లో ఉన్నంతకాలం బంగారం. కానీ యాభై కిలోల పైచిలుకు బరువు, ఎత్తయిన డబ్బా, లోపల యాసిడ్. పెనుకొండ కోట దారిలో మలుపులు తిరిగేటప్పుడు ఒలకదని ఎవరు హామీ ఇస్తారు? పైగా చార్జవుతూ హైడ్రోజన్ వదులుతుంది. డాష్‌బోర్డు మీద దేవుడికి అగరుబత్తి వెలిగించే మనవాళ్ల బండిలో, సీటు కింద ఆ గ్యాసా? బండి లోపల పెట్టేదైతే సీల్డ్ ఏజీఎం రకమో, లిథియం ఐరన్ ఫాస్ఫేటో అయ్యుండాలి.

ఎంత పెద్దది కావాలో చెప్పాల్సింది షాపువాడు కాదు, మీ వాడకం. 20 వాట్ల ఫ్యాన్లు రెండు, ఎనిమిది గంటలు: 320. లైట్లకో 50, ఫోన్లకో 90. మొత్తం 460 వాట్ అవర్లు, 12తో భాగిస్తే 38 యాంపియర్ అవర్లు (ఏహెచ్). సీసం బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కాబట్టి 100 ఏహెచ్‌ది సరిపోతుంది. చిన్న ఫ్రిజ్ తెచ్చిపెట్టారో లెక్క తిరగబడుతుంది. 45 వాట్లది సగం సేపు ఆడినా రోజుకు మరో 45 ఏహెచ్ తాగుతుంది. అప్పుడు 100 ఏహెచ్ లిథియమే దారి. దాన్ని ఎనభై, తొంభై శాతం దాకా వాడుకోవచ్చు, బరువూ సగం కన్నా తక్కువ. ధర మాత్రం రెండు మూడింతలు. సీసం బ్యాటరీలు మన తిరుపతి పక్కన కరకంబాడిలోనే అమరరాజా వాళ్లు చేస్తున్నారు, లిథియం సెల్లు ఇంకా ఎక్కువగా చైనావే. ఆ కంపెనీయే మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023లో లిథియం ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. అక్కణ్నుంచి సెల్లు వచ్చి ధర దిగేదాకా ఆగేవాళ్లు ఆగొచ్చు.

కొన్నాక అసలు చిక్కు మొదలవుతుంది. అది నిండాలి కదా! హిందూపురం నుంచి పెనుకొండ గంట ప్రయాణం, అక్కణ్నుంచి ధర్మవరం ఇంకో గంట. సీసం బ్యాటరీ మొదట గబగబా మింగినా, చివరి భాగం నింపుకోవడానికి గంటలు తీసుకుంటుంది. ఇంజను నడిచేటప్పుడు రెండు బ్యాటరీలనూ కలిపే మామూలు రిలేతో ఈ దూరాలు చాలవు. పైగా కొత్త బండ్లలో చాలావాటికి డీజిలు, పెట్రోలు ఆదా కోసం డైనమో వోల్టేజీ తగ్గించే తెలివి ఉంది. రిలే అక్కడ అయోమయంలో పడుతుంది. అలాంటివాటికి, వచ్చే వోల్టేజీని సరిచేసి బ్యాటరీకిచ్చే డీసీ టు డీసీ చార్జరే పెట్టించాలి. 30 యాంపియర్లదైతే, రాత్రి వాడిన 38 ఏహెచ్ లిథియంకి గంటన్నరలోపే తిరిగొస్తుంది. ధర్మవరంలో పెళ్లిపట్టు కొనడం గంటలో తేలే పనా? బండి ఆగే ఉంటుంది, ఫ్రిజ్ తాగుతూనే ఉంటుంది. అందుకు నా ఓటు టాపు మీద సోలార్ ప్యానెల్‌కి. ఎన్‌పీ కుంటలో వేల ఎకరాల్లో సోలార్ పార్కు పెట్టింది మన ఎండను చూసే కదా! 200 వాట్ల ప్యానెల్ మంచి ఎండరోజున నష్టాలు పోను 600 వాట్ అవర్ల పైనే ఇస్తుంది.

ఆ ఎండే బ్యాటరీకి శత్రువు కూడా. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ సీసం బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుందని లెక్క. ఇంజను పక్కన చోటుంది కదా అని అక్కడ ఇరికించకండి.

బిగించేటప్పుడు పక్కన నిలబడి చూడండి. ట్రేను బాడీకి బోల్టులతో బిగించాలి, తాడుతో కట్టకూడదు. ఇంటి వైరింగు తీగ పనికిరాదు. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేసి, ఎర్త్ తీగ కూడా అంతే లావు ఉండేలా చూడండి. పాజిటివ్ తీగ రేకు అంచుకు రాసుకుని షార్టయితే బ్యాటరీలు రెండూ రెండువైపుల నుంచీ మంట పెడతాయి, అందుకే ఫ్యూజు రెండు చివర్లా, టెర్మినల్‌కి జానెడు దూరంలోనే ఉండాలి. ‘ఒకటి చాలండీ, రెండెందుకు దండగ’ అని మేస్త్రీ అంటే డబ్బులివ్వకముందే ఇంకో షాపు చూసుకోండి.